విప్పని పొట్లం

"రాసిచ్చేస్తాను కొరీన్. నేనే చేశానని రాసిచ్చేస్తాను. ఇక నా వల్ల కాదు."

నర్సు డెనీస్ హర్ష్ పొట్టి మంచం అంచున కూర్చుని ఆ మాట అంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. సెయింట్ నోట్‌బర్గా బడిలో నర్సు గది అంటే పిల్లల మంచాలు రెండు, మందులు పెట్టే చిన్న ఫ్రిజ్ ఒకటి, గోడ మీద పళ్ళు తోముకుంటున్న ఎలుగుబంటి బొమ్మ. ఉన్న ఒక్క కుర్చీలో డిటెక్టివ్ కొరీన్ జెలిన్‌స్కీ కూర్చుంది.

"ఏం చేశావని రాస్తావు?"

"మందు రెండుసార్లు ఇచ్చానని."

"ఇచ్చావా?"

డెనీస్ నీళ్ళు నమిలింది. "ఇచ్చే ఉంటాను. లేకపోతే వాడు పడిపోడు కదా."

కొరీన్‌కి ఒళ్ళు మండింది. చేసిన తప్పు ఒప్పించడం కష్టమని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తెలిసింది. చెయ్యని తప్పు ఒప్పుకుంటామని ఎగబడేవాళ్ళని ఆపడం అంతకంటే కష్టమని మాత్రం ఈ బడికొచ్చాకే తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే మామూలుగా ఒకడు భుజాలు తడుముకుంటాడు. ఇక్కడ వంటావిడ నుంచి ఫాదర్ దాకా అందరూ తడుముకునేవాళ్ళే. ఫాదర్ లెమ్కే అయితే శనివారం నుంచీ కొరీన్ మొహం చూడటమే మానేశాడు. ఇందాక వరండాలో ఎదురుపడి, దణ్ణం పెట్టేలోపే పక్క తలుపులో దూరిపోయాడు.

జరిగింది చెప్పుకోవాలంటే నాలుగు ముక్కలే. రెండో క్లాసు చదివే లైనస్ ట్రెట్టిన్‌కి పసితనం నుంచే చక్కెర జబ్బు. నడుముకి చిన్న పంపు కట్టుకుని తిరుగుతాడు, అందులోంచే ఇన్సులిన్ వెళ్తుంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి ముందు డెనీస్ పంపు మీట నొక్కి మందు ఎక్కించింది. వాడు భోజనాల హాలుకి వెళ్ళాడు. అక్కణ్ణించి అందరితో పాటు సిలువ మార్గం ప్రార్థనకి చర్చికి వెళ్ళాడు. ప్రార్థన అయ్యాక పిల్లలందరూ లేచారు, వాడు లేవలేదు. ఇవాళ సోమవారం. మిల్వాకీ పెద్దాసుపత్రిలో రక్తంలో చక్కెర ఎప్పుడో సర్దుకుంది గానీ కళ్ళు తెరవలేదు.

మధ్యాహ్నం మూడింటికి ప్రభుత్వం తరఫు కౌంటీ ప్లీడరు వస్తాడు. ఆయన ముందు డెనీస్ సంతకం పెడితే కేసు ముగిసిపోతుంది. ఆవిడ బతుకు కూడా.

"మందు ఎంత ఎక్కించాలో ఎలా లెక్కేస్తావు?"

"ఆ రోజు వంట ఏంటో డాటీ ఫోన్ చేసి చెప్తుంది. శుక్రవారం మాకరోనీ చీజు, బఠాణీలు, వెన్న రాసిన బ్రెడ్డు, ఆపిల్ గుజ్జు, పాలు. పళ్ళెంలో ఉన్నదంతా తింటే సరిపోయేంత మందు. ముందే ఎక్కించాలి, లేకపోతే తిన్నాక చక్కెర నెత్తికెక్కుతుంది."

"తిన్నాడని నీకెలా తెలుసు?"

"వాడికి నీలం ట్రే. మిగతావాళ్ళవి తెల్లవి. కడగడానికి వచ్చినప్పుడు డాటీ చూసి, మిగిలిస్తే నాకు చెప్తుంది. శుక్రవారం ఖాళీగా వచ్చింది. ఇంకొకటి ఉంది. ముందు రెండు శుక్రవారాలు కూడా భోజనమయ్యాక వాడికి చక్కెర కాస్త పడిపోయింది. వాడే వచ్చి చెప్తే జ్యూస్ తాగించాను. డాటీ లెక్క తప్పుతోందేమో అనుకున్నాను."

"అడిగావా?"

"పెద్దావిడ. బాధపడుతుందని అడగలేదు."

"శుక్రవారాలు మాత్రమేనా? మిగతా రోజులు బాగానే ఉన్నాడా?"

"బాగానే ఉన్నాడు."

తలుపు కొట్టకుండా తెరుచుకుంది. ముందు పిప్పరమింటు వాసన, వెనకే రస్ ఫెన్‌స్కే. ఒకప్పుడు కొరీన్‌కి పని నేర్పిన డిటెక్టివ్. రిటైరయ్యాక బిషప్ గారి బడులకి బీమా చేసే వాళ్ళ తరఫున దర్యాప్తులు చేస్తున్నాడు. ఆయనకి పెన్షను వస్తుంది, జీతమూ వస్తుంది, గర్వం మాత్రం ముందునుంచీ ఉన్నదే.

"ఏమ్మాయ్, పరామర్శలు ఇంకా అవలేదా?"

"తలుపు కొట్టే అలవాటు కూడా రిటైరయిందా రస్?"

"నేర్పింది నేనేగా, నీ దగ్గర మర్యాదలేంటి." ఆయన గోడకి చేరబడ్డాడు. "లెక్క తేలికమ్మా. పంపు ఒక్కసారే మందిచ్చింది, అది మిషన్లో నమోదై ఉంది. ట్రే ఖాళీగా వచ్చింది, అది వంటావిడ చెప్పింది. తిన్నవాడికి తిన్నంత మందిస్తే ఎవడూ పడిపోడు. పడిపోయాడంటే ఎవరో సూదితో ఇంకో మోతాదు పొడిచారు. సూదులున్నది ఈ గదిలో. తాళంచెవి ఈవిడ మెడలో."

"ఎందుకు పొడుస్తుంది?"

"మర్చిపోయి. బడినిండా పిల్లలు, ఒకడికి ముక్కు కారుతుంది, ఇంకొకడు మోకాలు చెక్కించుకొస్తాడు. పంపు నొక్కానో లేదో అని అనుమానం వచ్చి సూది వేసింది. చెడ్డది కాదు, పొరపాటు మనిషి. అవునా డెనీస్?"

డెనీస్ తలొంచుకుంది. ఆ తలొంచుకోవడం చూసి కొరీన్‌కి ఫెన్‌స్కే చెంప పగలగొట్టాలనిపించింది.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

"మీకెందుకండీ ఇంత తొందర?"

"మనిషి తప్పయితే మనిషి ఉద్యోగం పోతుంది. బడి తప్పయితే బడే పోతుంది. ఇదే బడిలో మీ అమ్మాయి కూడా చదువుతోంది, గుర్తుందో లేదో."

"గుర్తుంది. అందుకే ఈ కేసు నాకొద్దన్నాను. మా రెండో డిటెక్టివ్ గస్ మోకాలు కోయించుకుని మంచం మీద ఉన్నాడు, వేరే దిక్కు లేక షెరీఫ్ నా నెత్తిన పెట్టాడు."

"పెట్టాడుగా, పూర్తిగా చెయ్యి మరి. లైనస్ బల్ల దగ్గర కూర్చునే పిల్లలందరినీ అడిగాను నేను. ఒక్క పిల్లని తప్ప. వాడి పక్క కుర్చీ పిల్లని." ఆయన ఇంకో పిప్పరమింటు నోట్లో వేసుకున్నాడు. "వాళ్ళమ్మ అడగనివ్వలేదు."

"అది భయపడి ఉంది రస్. మూడు రోజులుగా కడుపునొప్పంటోంది, అన్నం ముట్టట్లేదు. స్నేహితుడు అలా పడిపోతే పిల్ల ఏమైపోతుంది?"

"అందుకే అడగాలన్నాను. వద్దన్నది తల్లా, డిటెక్టివా?"

ఆ ప్రశ్న నిన్న రాత్రి కొరీన్ తనని తాను వేసుకున్నదే. టెస్సా మంచం పక్కన కూర్చుని, అడగనా వద్దా అని తన్నుకులాడి, పిల్ల నిద్రపోయిందని సాకు చెప్పుకుని లేచి వచ్చేసింది.

పొద్దున కూడా అంతే. టెస్సా పాలు ముట్టలేదు. కొరీన్ వంటింట్లో నిలబడి రోజూ చేసినట్టే రెండు బ్రెడ్డు ముక్కల మధ్య హామ్ మాంసం, చీజు పెట్టి, మైనం కాగితంలో పొట్లం కట్టింది. దాని మీద ఎర్ర టేపు అంటించింది. అది సాక్ష్యాల సంచులకి సీలు వేసే టేపు. ఈస్టర్ ముందొచ్చే తపస్సుకాలం మొదట్లో ఒకరోజు అతికించడానికి ఇంకేం దొరక్క, కోటు జేబులో ఉన్న ఆ టేపు చుట్ట తీసి అంటించింది. టెస్సా పడీపడీ నవ్వింది. అప్పట్నుంచి అదొక ఆట. కొరీన్ రోజూ టేపు మీద అడ్డంగా తేదీ వేసి, సి.జెడ్. అని పొడి అక్షరాలు రాసి, "ఇది విప్పే అధికారం ఒక్క టెస్సా జెలిన్‌స్కీకే ఉంది" అని గంభీరంగా చెప్పేది. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చేది. భర్త వెళ్ళిపోయాక తల్లిగా తాను సరిగ్గా చేసే పని ఒక్కటైనా ఉండాలని బడి భోజనం మాన్పించి ఆ డబ్బా మొదలుపెట్టింది. ఖాళీ డబ్బా చూసినప్పుడల్లా ఆమెకి కాస్త ఊపిరాడేది.

ఈ పొద్దున టెస్సా నవ్వలేదు. పొట్లం తీసుకుని డబ్బాలో పెట్టుకుంది.

*

వంటింట్లో డాటీ మెంకీ గిన్నెలు తోముతోంది. కొరీన్ ఈ బడిలో చదివిన రోజుల్నుంచీ ఆ గరిటె ఆవిడదే.

"నన్నూ పట్టుకుపోవడానికొచ్చావా అమ్మా?"

"మీరు కూడానా డాటీ? ఏం చేశారేంటి?"

"వండాను. నేను వండింది తిని పిల్లాడు పడిపోయాడంటే నా తప్పు కాదూ? మూడు రాత్రులుగా ఆ మాకరోనీ మళ్ళీ మళ్ళీ వండుకుంటున్నాను, కలలో. ఎక్కడ తప్పానో తెలియట్లేదు."

"శుక్రవారం నీలం ట్రే వచ్చినప్పుడు ఎలా ఉంది?"

"అద్దంలా ఉంది. బ్రెడ్డుతో తుడిచినట్టుంది. బఠాణీలు కూడా తినేశాడు తల్లీ." డాటీ తడిచేత్తో కళ్ళు తుడుచుకుంది. "రెండేళ్ళుగా వాడికి బఠాణీలు పెడుతున్నాను, రెండేళ్ళుగా వాటిని చెంచా కింద దాచి పంపిస్తున్నాడు. శుక్రవారం ఒక్క గింజ లేదు. ఎంత సంతోషపడ్డానో. ఆఖరికి వాడికి నా వంట నచ్చిందనుకున్నాను. వాడు అక్కడ పడిపోతుంటే నేనిక్కడ పొంగిపోతున్నాను, చూడు."

నోటుపుస్తకంలో రాసుకుంటున్న కొరీన్ చెయ్యి ఆగింది. "ఎప్పుడూ తినడా?"

"చచ్చినా తినడు. అసలు ఈ బడిలో బఠాణీలు ఇష్టంగా తిన్న పిల్ల ఒక్కతే. మీ టెస్సా. కిందటేడు మారు వడ్డించుకునేది. ఇప్పుడు నువ్వు డబ్బా పెడుతున్నావాయె."

కొరీన్ చిన్నగా నవ్వింది. మనసు మాత్రం నీలం ట్రే మీదే ఉంది. బఠాణీలు తినని పిల్లాడి పళ్ళెంలో బఠాణీలు మాయమయ్యాయి. అంటే పళ్ళెం ఖాళీ చేసింది లైనస్ కాదు. తినకుండా మందొక్కటే ఒంట్లోకి వెళ్తే ఇక సూది ఎందుకు, పంపు ఇచ్చిన మోతాదే వాణ్ణి పడగొడుతుంది. డెనీస్ ఏ తప్పూ చెయ్యలేదు.

"చెత్తబుట్టలో పారేసి ఉంటాడా?"

"బుట్ట పక్కన నేనే నిలబడతాను. తిండి పారేస్తే ఊరుకుంటానా?"

"పోనీ హాల్లో అందరూ ఇదే తిన్నారా?"

"ఇదే. తపస్సుకాలంలో శుక్రవారం ఇక్కడికి మాంసం వాసన కూడా రాదు. ఇంటినుంచి తెచ్చుకునేవాళ్ళకీ ముందే చెప్పాం, శుక్రవారం మాంసం పెట్టొద్దని. చిన్నప్పుడు నువ్వు మాత్రం విన్లేదూ ఆ మాట."

కొరీన్ ఆ మాట సగమే విని బయటికి నడిచింది. వాడు తన భోజనం ఎవరికో ఇచ్చాడు. ఎందుకు?

ఆ జవాబు రెండో క్లాసు టీచరు మిస్ ఎబెల్ దగ్గర దొరికింది. చిన్న వయసు, మొదటి ఏడాది ఉద్యోగం. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి ముక్కు కందిపోయి ఉంది. క్లాసు పిల్లలు ఆటస్థలంలో ఉన్నారు. కిటికీ దగ్గర గాజు సీసాలో తెల్ల చిక్కుడుగింజలు సగందాకా ఉన్నాయి.

"అవేంటి?"

"త్యాగం గింజలు. తపస్సుకాలంలో ఎవరికీ తెలియకుండా ఏదైనా వదులుకున్నవాళ్ళు ఒక గింజ వెయ్యాలి. ఈస్టర్ రోజు సీసా నిండా మిఠాయి గింజలు పోసి పంచుతాం. నా చిన్నప్పుడు కూడా చేసేవాళ్ళం. మన బడి పునీతురాలి కథ కూడా చెప్పాను. నోట్‌బర్గా ఒక జమీందారు ఇంట్లో పనిమనిషి. శుక్రవారం వచ్చిందంటే తన వంతు తిండి తినకుండా తీసిపెట్టి ఆకలిగా ఉన్నవాళ్ళకి ఇచ్చేసేది. యజమానురాలికి తెలిస్తే కొడుతుందని దాచేది."

"ఎవరికీ చెప్పేది కాదన్నమాట."

"కాదు." మిస్ ఎబెల్ సీసావైపు చూసింది. "మనం చేసిన మంచి బయటికి చెప్పేస్తే దేవుడికిచ్చింది మళ్ళీ లాక్కున్నట్టే అని చెప్పాను. నేనే చెప్పాను. లైనస్ చెయ్యెత్తి, అమ్మకి కూడా చెప్పకూడదా అని అడిగాడు. అమ్మకి కూడా అన్నాను."

కొరీన్ రాసుకోవడం ఆపి నోటుపుస్తకం మూసింది.

"చర్చిలో వాడి వెనక వరసలోనే ఉన్నాను నేను. మోకాళ్ళ మీద ఉండి, ముందు బల్ల మీద తల ఆనించాడు. సిలువ మార్గంలో ఒక్కొక్క మజిలీకీ పిల్లలందరూ లేస్తున్నారు, కూర్చుంటున్నారు. వాడు మాత్రం కదల్లేదు. లేపబోయి ఆగాను. ఎంత భక్తో అనుకున్నాను. వాణ్ణి చూసి నేర్చుకోండని పక్కవాళ్ళకి సైగ చేశాను."

"మిస్ ఎబెల్..."

"ప్రార్థన చేస్తున్నాడనుకున్నానండీ."

ఎవరికి సంతోషం కలిగించేది వాళ్ళకి కనపడింది, అంతే. వంటావిడకి ఖాళీ పళ్ళెం, టీచరుకి వంగిన తల. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ చెడు తలపెట్టలేదు. ఇలాంటి కేసు కొరీన్ ఎప్పుడూ చూడలేదు.

*

"చర్చిలో ఏం వెతుకుతావమ్మాయ్? వాడు మాకరోనీ జేబులో పోసుకెళ్ళాడా?"

ఫెన్‌స్కే వెంటే వచ్చాడు. కొరీన్ చెప్పిందంతా విన్నాడు, నమ్మలేదు. "కథ బావుంది. ప్లీడరుకి కథలు పనికిరావు. తినలేదంటున్నావు, సరే. మరి ఎవరు తిన్నారు? అదే బల్ల దగ్గర అందరి ముందూ అవే మాకరోనీలు, అవే బఠాణీలు. కడుపు నిండినవాడు ఇంకో పళ్ళెం ఎందుకు ఖాళీ చేస్తాడు? ఆకలిగా ఉన్నవాడు ఎవడు అక్కడ?"

"అందుకే ఇక్కడికొచ్చాను. ఆకలిగా ఉన్నవాళ్ళకివ్వాలని టీచరు చెప్పింది. పేదలకిచ్చే తిండి ఈ బడిలో ఎక్కడ పెడతారో పిల్లలందరికీ తెలుసు."

చర్చి పక్క గుమ్మం లోపల, నోట్‌బర్గా బొమ్మ కాళ్ళ దగ్గర ఒక చెక్కపెట్టె ఉంది. బొమ్మ ఒక చేత్తో కొడవలి, ఒక చేత్తో రొట్టెలు నింపిన కొంగు పట్టుకుని ఉంది. తపస్సుకాలం అంతా ఊళ్ళోవాళ్ళు ఆ పెట్టెలో డబ్బాల సామాను వేస్తారు. ఈస్టర్ ముందు పవిత్ర వారంలో దాన్ని ఖాళీ చేసి లేనివాళ్ళకి పంచుతారు. పిల్లలు బడి బస్సు దిగి క్లాసుకి వెళ్ళేది ఆ గుమ్మంలోంచే.

కొరీన్ మోకాళ్ళ మీద కూర్చుని డబ్బాలు బయటికి తీసింది. చిక్కుడుగింజలు, ట్యూనా చేప, మొక్కజొన్న సూపు. ఫెన్‌స్కే గడియారం చూసుకున్నాడు.

"ప్లీడరు వచ్చే వేళవుతోంది. ఈ సూపు డబ్బాల్ని కోర్టులో సాక్ష్యానికి పిలుద్దామా?"

"ఒక్క నిమిషం నోరు మూస్తారా రస్?"

అడుగున పుల్లటి బూజువాసన వచ్చింది. మైనం కాగితం చేతికి తగిలింది. కొరీన్ దాన్ని వెలుతురులోకి తీసింది.

పొట్లం. దాని మీద ఎర్ర టేపు.

కాసేపు ఆమెకి అదేమిటో అర్థం కాలేదు. తన కోటు జేబులోంచి జారిపడిందేమో అనుకుంది. మళ్ళీ చెయ్యి పెట్టింది. ఇంకొకటి. ఇంకొకటి. మూడు పొట్లాలు, మూడింటి మీదా టేపు చెక్కు చెదరలేదు. టేపు మీద అడ్డంగా తేదీ, సి.జెడ్. మూడూ శుక్రవారాలే.

ఫెన్‌స్కే వంగి చూశాడు. పిప్పరమింటు నమలడం ఆపేశాడు.

"ఇది నీ రాత."

"అవును."

"లోపలేముంది?"

ఆమెకి విప్పాల్సిన పని లేదు. "హామ్."

విన్నవాడికి వివరం చెప్పక్కర్లేదు, ఇద్దరూ అదే ప్రార్థనలు వల్లించి పెరిగినవాళ్ళు. తపస్సుకాలంలో శుక్రవారం పిల్ల డబ్బాలో మాంసం పెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పొద్దున్నే కళ్ళు మూసుకుపోతూ, ఏ వారమో ఏ కాలమో చూసుకోకుండా రోజూ పెట్టేదే పెట్టేసింది. టెస్సా ఈ వసంతంలో మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకోబోయే పిల్ల. శుక్రవారం మాంసం తినడం పాపమని అప్పుడే నేర్చుకుంది. తినలేదు. తిండి పారెయ్యడం పాపమని పారెయ్యలేదు, దారిలోనే పేదల పెట్టెలో వేసింది. అమ్మకి చెప్పలేదు, చెప్తే ఆ పాపం అమ్మది అవుతుంది. ఖాళీ డబ్బాతో మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుంది. పక్క కుర్చీలో లైనస్ ఉన్నాడు. ముందు రెండు శుక్రవారాలు తన పళ్ళెంలోది కాస్త ఇచ్చి ఉంటాడు. మూడో శుక్రవారం మొత్తం ఇచ్చేశాడు.

ఆ హాల్లో ఆకలిగా ఉన్నది ఒక్క పిల్లే. దాన్ని ఆకలితో పంపింది కొరీన్.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిందని సామెత చెప్పి నవ్వుకుంటారు. కొరీన్ మూడు రోజులుగా అదే చేసింది. నర్సుని నిలదీసింది, వంటావిడని ఏడిపించింది, టీచరుని తలదించుకునేలా చేసింది. పక్క గదిలో పడుకున్న పిల్లని మాత్రం ఒక్క మాట అడగలేదు. తల్లిగా కాదు, డిటెక్టివ్‌గానూ కాదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడింది, అంతే. ఫాదర్ లెమ్కే ఎందుకు మొహం తిప్పుకున్నాడో కూడా ఇప్పుడు అర్థమైంది. శనివారం రెండో క్లాసు పిల్లల చేత ఆయన మొదటి పాపసంకీర్తనం చెప్పించాడు, చేసిన తప్పులు ఒక్కొక్కరే ఆయన చెవిలో చెప్పుకున్నారు. అక్కడ విన్నది ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు.

"కొరీన్." ఫెన్‌స్కే గొంతులో మొదటిసారి ఎత్తిపొడుపు లేదు. "ఈ పొట్లాల సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. డెనీస్ ఎలాగూ..."

"డెనీస్ ఎలాగూ ఏంటి?"

"ఏం లేదు. ఆలోచించుకోమంటున్నా. ఇది బయటపడితే ఊళ్ళో నువ్వు తలెత్తుకు తిరగలేవు. ఆ పిల్ల అసలే తిరగలేదు. స్నేహితుడి నోటి కూడు తినేసి వాణ్ణి పడగొట్టిందంటారు."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కొరీన్ ఆలోచించింది. తనకి ఆ ఆలోచన వచ్చిందని ఆమెకి బతికినంత కాలం గుర్తుంటుంది. తర్వాత జేబులోంచి సంచి తీసి, మూడు పొట్లాలు అందులో వేసి, ఎర్ర టేపు చించి మూతి మీద అంటించింది. తేదీ వేసింది. సి.జెడ్. అని రాసింది. జెడ్ వంకరపోయింది.

"తీసుకెళ్ళండి. డెనీస్ చేతిలో పెన్ను ఉంటే లాగేసుకోండి. వాడు తినలేదని ప్లీడరుకి చెప్పండి. ఎవరి వల్లో కూడా చెప్పండి."

ఫెన్‌స్కే సంచి అందుకున్నాడు. వెళ్ళబోయి ఆగాడు. పెట్టెలోకి చూస్తున్నాడు.

"అమ్మాయ్. మూడే కదూ తీశావు?"

ట్యూనా డబ్బాల సందులో ఇంకో పొట్లం ఉంది. కొరీన్ అందుకుంది. దీనికి బూజువాసన లేదు. వేళ్ళ కింద బ్రెడ్డు ఇంకా మెత్తగా ఉంది.

టేపు మీద ఇవాళ్టి తేదీ ఉంది.

ఇవాళ సోమవారం. సోమవారం హామ్ తినకూడదని ఏ ఫాదరూ చెప్పలేదు. కొరీన్ వెనక్కి లెక్కపెట్టుకుంది. పొద్దున పాలు ముట్టలేదు. ఆదివారం కడుపునొప్పంది. శనివారం పాపసంకీర్తనం అయ్యాక కారులో, ఆకలి లేదమ్మా అంది. శుక్రవారం లైనస్ పళ్ళెంలో తిన్నదే ఆ పిల్ల ఆఖరిసారి తిన్న తిండి.

చర్చి పెద్ద తలుపులు తెరుచుకున్నాయి. లైనస్ కోసం జపమాల చెప్పడానికి రెండో క్లాసు వరసగా లోపలికి వస్తోంది. ఇంటిపేర్ల వరసలో నడుస్తున్నారు, జెలిన్‌స్కీ అందరికంటే చివర. దాని ముందు ఒక మనిషి నిలబడేంత ఖాళీ వదిలారు, అది లైనస్ చోటు. పిల్లలు బెంచీల్లో సర్దుకున్నారు. టెస్సా తన చోటు దాటి జరిగి, వాడు కూర్చున్న చోట మోకాళ్ళ మీద వంగింది. ముందు బల్ల మీద తల ఆనించింది.

జపం మొదలైంది. పిల్లలు లేచారు. టెస్సా లేవలేదు.

వెనక వరసలోంచి మిస్ ఎబెల్ కొరీన్ వైపు చూసి, ఎర్రబడ్డ కళ్ళతోనే చిన్నగా నవ్వి, ఆ వంగిన తల వైపు సైగ చేసింది. ఆ నవ్వు సగంలోనే ఆమె మొహం మీద చచ్చిపోయింది.

కొరీన్ అప్పటికే పరుగెడుతోంది. మోకాళ్ళ మీద పడి ఆ చిన్న భుజం పట్టుకుంది. చల్లగా ఉంది.

"టెస్సా. టెస్సా, అమ్మనే."

తల బరువుగా పక్కకి తిరిగింది. కళ్ళు సగమే తెరుచుకున్నాయి. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి.

"లైనస్ తిన్నాడా అమ్మా?"

"తింటాడు తల్లీ. తింటాడు. నువ్వు..."

"వాడు తిన్నాకే నేను తింటానని మొక్కుకున్నాను." పిల్ల ఊపిరి అందక ఆగింది. "ఎవరికీ చెప్పకూడదు. నీకు చెప్పేశాను. ఇప్పుడు వాడు లేవడా?"

ఆమె చేతుల్లో టెస్సా కళ్ళు మళ్ళీ మూసుకుపోయాయి. వరండాలోంచి డెనీస్ హర్ష్ పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినిపించింది. ఫెన్‌స్కే పిలిచినట్టున్నాడు.